పేతురు ముఖం

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ దెబోరా నలభై ఏడేళ్ళుగా అంటూనే ఉంది. నేనెప్పుడూ కాదనలేదు. కానీ కోప్పడవలసిన ఒకే ఒక్క చోట నోరు మూసుకున్నాను. ఆ సంగతే చెబుతున్నాను.

ముప్పై నాలుగేళ్ళు మిషన్ హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. పేరుకే డ్రాయింగు. సైన్సు టీచరుకి కప్ప బొమ్మలు, పంద్రాగస్టుకి నాయకుల బొమ్మలు, ఎవరైనా రిటైరైతే సన్మానపత్రం చుట్టూ పూలు. పిల్లలకి మాత్రం ఐదారు వందల ఏళ్ళ కిందటి ఇటలీ చిత్రకారుల గురించి చెప్పేవాణ్ణి. రోములో పోప్‌లతో దెబ్బలాడినవాళ్ళు, ప్రభువుల పంచన బతికినవాళ్ళు, గుడి గోడల మీద పరలోకం చూపించినవాళ్ళు. నాకూ ఒక్క గోడ దొరికితే చాలనుకునేవాణ్ణి. దొరకలేదు. రిటైరయ్యాను.

డెబ్బై రెండో ఏట టెక్సస్‌లో దొరికింది. మా అమ్మాయి జెమీమా ఉండేది అక్కడ కాపెల్ అనే ఊళ్ళో. ఆర్నెల్లు ఉండి వెళదామని వచ్చాం. అక్కడి తెలుగు సంఘం వాళ్ళు పాత ఫర్నిచర్ గోడౌన్ కొని చర్చిగా మార్చుకున్నారు. లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరన్లు అందరూ ఆ ఒక్క కప్పు కిందే. దేవుడు ఒక్కడే గానీ వర్గాలు మాత్రం మూడు. కమిటీ ఛైర్మన్ లెవి. కన్సల్టెన్సీ కంపెనీ ఉంది, చర్చికి సగం డబ్బు అతనిదే. అతను దగ్గితే పాస్టరుగారు మంచినీళ్ళు తెచ్చే రకం.

ఒక ఆదివారం లెవి నా పక్కన కూర్చున్నాడు.

"వందనాలు మాస్టారూ. మీరు ఆర్టిస్ట్ అని జెమీమా చెప్పింది. పాస్టరుగారు నిలబడే పుల్పిట్ వెనక గోడ ఖాళీగా ఉంది. ట్వెంటీ బై ట్వెల్వ్ ఫీట్. యేసుప్రభువు పేతురు కాళ్ళు కడిగే సీన్ వేస్తారా?"

తలూపాను.

"ఒక్క రిక్వెస్ట్. లాస్ట్ ఇయర్ ఇటలీ టూర్ వెళ్ళాం. అక్కడ చర్చి కట్టించినవాళ్ళ మొహాలు బొమ్మల్లో పెట్టేవాళ్ళట. బ్యాంకు నడిపే ఫ్యామిలీ వాళ్ళు క్రిస్మస్ కథలోని ముగ్గురు జ్ఞానుల్లో ఉన్నారు. మన పేతురుకి మా నాన్నగారి మొహం పెట్టండి. పోయి నాలుగేళ్ళయింది."

ఫోన్ తీసి చూపించాడు. ప్రకాశరావుగారు. మా ఊరి మిషన్ సెక్రటరీ. ఈ లెవి ఆయన కొడుకని నాకు అప్పటిదాకా తెలియదు. అతనికి నేనెవరో ఇప్పటికీ తెలియదు.

ఎనభై మూడు ఆగస్టులో మా మొదటి బాబు పోయాడు. ఎనిమిది నెలలవాడు, మూడు రోజుల జ్వరం. సమాధి చోటు కోసం సెక్రటరీగారి ఇంటికి వెళ్ళాం. బాబు తువాల్లో నా భుజం మీద ఉన్నాడు. దెబోరా మెట్ల మీద కూలబడింది. ఆయన వరండాలో కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. "రిజిస్టర్లో బాప్తిస్మం లేదు, మిషన్ శ్మశానంలో చోటు లేదు," అన్నాడు. ఆ బాప్తిస్మాన్ని రెండుసార్లు వాయిదా వేయించింది ఆయనే. మా చర్చిలన్నిటి మీదా పెత్తనం చేసే డయోసిస్ ఎన్నికల్లో నేను అవతలి ప్యానెల్ తరఫున ఇల్లిల్లూ తిరిగాను, అదీ అసలు నేరం. తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా నిలబడ్డాను. ఆయన రెప్ప ఎత్తి నా వైపు చూడలేదు. బిడ్డని కాలవ గట్టున పాతిపెట్టాం. మరుసటేడు వరదకి ఆ గట్టు తెగిపోయింది.

ఆయన తొక్కిన అడుసంతా ఇప్పుడు కొడుకు నా కుంచెతో కడగమంటున్నాడు. లేచి వచ్చేయాలా, వద్దా? రాలేదు. గోడ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చి దెబోరాకి చెప్పాను. గోంగూర తుంచుతోంది. గోడ సంగతి వినగానే మొహం విప్పారింది. మిగతాది విన్నాక చేతులు ఆగిపోయాయి.

"వెయ్యండి. మీరెన్నేళ్ళుగానో కోరుకున్నది. ఆ మొహం మాత్రం వద్దు. ఇంకే మొహమైనా పెట్టండి, మీ మొహమే పెట్టుకోండి."

"వెయ్యను."

"మాటేనా?"

"మాటే."

పదకొండు వారాలు వేశాను. జెమీమా పొద్దున్నే దింపి ఆఫీస్‌కి వెళ్ళేది. నిచ్చెన ఎక్కితే మోకాళ్ళ నొప్పి గుర్తుండేది కాదు. ఇత్తడి పళ్ళెం, నీళ్ళు, ప్రభువు నడుముకి చుట్టుకున్న తువాలు, అన్నీ కుదిరాయి. పేతురుకి మా ఊరి రేవులో పడవ నడిపే ముసలాయన మొహం పెట్టాను. ఈలోగా బ్రదరన్ల వర్గం, బొమ్మ పెడితే విగ్రహారాధనే అని గొడవ లేవదీసింది. కమిటీ ఎన్నికలు దగ్గర పడ్డాయి మరి. "ఇది విగ్రహం కాదు, డెకరేషన్," అని లెవి తేల్చేశాడు. బొమ్మలు చేసి మొక్కవద్దన్న రెండో ఆజ్ఞకి అంత సులువైన జవాబు నేను ఎక్కడా వినలేదు.

పన్నెండో వారం లెవి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు.

"ఈయనెవరు మాస్టారూ?"

"పేతురు."

"నాన్నగారు కాదుగా. నో ప్రాబ్లం, కష్టమైతే వదిలేయండి. ఫోటోతో వాల్ మొత్తానికి వినైల్ ప్రింట్ చేయించి స్టిక్ చేయించేస్తాను. వన్ డే వర్క్." బెదిరించడం కూడా కాదు. ఫోన్‌లో ఇంకేదో చూసుకుంటూ అన్నాడు.

నా పదకొండు వారాల మీద ప్లాస్టిక్ కాగితం అంటిస్తాడట. అయినా నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "సోమవారం రా బాబూ, మొహం మారుస్తాను."

ఫోటో అవసరం రాలేదు. మధ్యాహ్నానికల్లా మొహం గోడ మీదికి వచ్చేసింది. పేతురు పాదాలు పట్టుకుని ప్రభువు తలెత్తి చూస్తుంటే, పేతురు తల దించుకోవాలి. ఆ దించిన రెప్పలు నాకు కంఠతా వచ్చు, నాలుగు గంటలు చూసినవాణ్ణి. రెప్పల కింద ముడతలు, ముక్కు పక్క గీత, కొద్దిగా వంకరగా మూసుకునే పెదవి. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. ఆ కళ్ళు తెరవకుండానే చారెడు చేశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, కుంచె కడుక్కుంటూ సంతోషించాను. అంత మంచి మొహం నా జన్మలో వెయ్యలేదు.

ఇంట్లో దెబోరా అడిగింది, పేతురు ఎవరిలా వచ్చాడని. "ఎవరో ముసలాయన," అన్నాను.

ప్రతిష్ఠ ఆదివారం తెర తీశారు. "ఆ వంచిన కళ్ళు చూడండి ప్రియులారా, ఎంత వినయం," అన్నారు పాస్టరుగారు. లెవి ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు, నిజంగానే ఏడ్చాడు. తండ్రిని అతను అలాగే ఎరుగును కాబోలు. నాకు శాలువా కప్పారు. బిర్యానీ అయ్యాక ఎన్నిక. విగ్రహం అన్నవాళ్ళు కూడా ఆ బొమ్మ కింద నిలబడి ఫోటోలు దిగి, లెవికే చేతులెత్తారు. నేను మూడో వరసలో దెబోరా కోసం వెతికాను. ఆవిడ కన్ను గోడ మీదే ఉంది.

ఇంటికొచ్చాక జెమీమా పిల్లని తీసుకుని పైకి వెళ్ళింది. దెబోరా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుంది.

"నేను ఆ మొహాన్ని మర్చిపోయానండీ," అంది. "నలభై ఏళ్ళు ప్రార్థన చేసి చేసి మర్చిపోయాను. ఆమధ్య ఎలా ఉండేవాడా అని తలుచుకుంటే రాలేదు. అమ్మయ్య, దేవుడు నా చేత క్షమింపజేశాడు అనుకున్నాను. మీరు మళ్ళీ తెచ్చి పెట్టారు. ఆదివారం ఆదివారం చూడమని."

"లేకపోతే ప్రింట్ అంటిస్తానన్నాడు దెబోరా. పదకొండు వారాల పని..."

"అంటించుకోనివ్వాల్సింది."

ఆవిడ మనవరాలి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి, పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టింది.

"బాబు మొహం వెయ్యండి. మనకి వాడి ఫోటో ఒక్కటీ లేదు. ఆయన రెప్పల కింద ముడతలు కూడా గుర్తున్నాయిగా మీకు."

పెన్సిలు తీసుకున్నాను. తల గుండ్రం వేశాను. జుట్టు వత్తుగా ఉండేదా, పలచగానా? ముక్కు వేశాను, ఏ పసిపిల్లాడికైనా ఉండే ముక్కే. చెరిపి మళ్ళీ వేశాను. ఏ పాలడబ్బా మీది పిల్లాడో వచ్చాడు. ఎదురుగా కూర్చుని ఆవిడ ప్రతి గీతా చూస్తోంది.

"ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఉండేది. అదైనా గుర్తుందా?"

"ఎందుకు లేదు," అన్నాను. చెవి కింద చుక్క పెట్టాను. ఇంత నల్లగా ఉండేది కదూ అని కొంచెం దిద్దాను కూడా.

దెబోరా కాగితం తన వైపు తిప్పుకుంది.

"మచ్చ లేదండీ," అంది. "వాడి ఒంటిమీద ఎక్కడా మచ్చే లేదు."

టీ పెట్టడానికి లేచి వెళ్ళింది.