షీప్ అంటే ఎన్ని గొర్రెలు?

ఆలూరు తాలూకా కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి యేడు, ఎండలు ముదరక ముందే హులిగెమ్మ మందలో గొర్రెలకు గొంతులు వాచాయి. పొద్దున బాగా మేసిన జీవం సాయంత్రానికి గురక పెట్టి పడిపోయేది. నాలుగు చచ్చాక ఆమె పరుగున బడికి వచ్చింది.

ఊళ్లో టెలిగ్రాం రాసేంత ఇంగ్లీషు తెలిసింది పంతులమ్మ మహాదేవమ్మకు ఒక్కతికే. బళ్ళారిలో చదివి, ఇరవై రెండేళ్లకే ఈ బడికి వచ్చిన మనిషి.

"టౌనులో పశువుల డాక్టరుకు తంతి కొట్టాల పంతులమ్మా. నువ్వు రాసియ్యి. నా కొడుకు టేషనుకు తీసకపోతాడు."

"ఎన్ని గొర్రెలుండాయి అవ్వా?"

"లెక్క రాయొద్దు! మందను లెక్కపెడితే దిష్టి. ఇప్పటికే సస్తాండాయి. గొర్రెలకు రోగమని రాయి, సాలు."

మహాదేవమ్మ 'షీప్స్ సిక్, కమ్ విత్ మెడిసిన్' అని రాసింది. రాశాక సందేహం వచ్చింది. వ్యాకరణం పుస్తకం తీసి చూసింది. ఒకటైనా షీపే, వెయ్యైనా షీపే అని ఉంది. షీప్ చివర రాసిన 'ఎస్' కొట్టేసింది. తప్పు పోకుండా ఆపానని లోపల్లోపల సంతోషపడింది కూడా.

డాక్టరు పుల్లయ్య మూడో రోజు మధ్యాహ్నం సైకిలు మీద వచ్చాడు. దొడ్డి చూసి అక్కడే నిలబడిపోయాడు.

"ఇన్నుండాయా! తంతిలో షీప్ అనుంటే, ఎవరో ఇంట్లో సాకుకున్న పొట్టేలనుకుంటి. ఎందుకైనా మంచిదని మూడింటికి సరిపోయే మందు తెచ్చినా, అంతే."

ఉన్న మందు మూడింటికి పొడిచి, వచ్చిన దారినే వెళ్లాడు. మందు పెట్టెతో తిరిగి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆలోగా ఇంకో పదకొండు చచ్చాయి. తక్కినవి నిలిచాయి.

తిరిగి వచ్చిన రోజు సాయంత్రం సూదులు కడుగుతున్న డాక్టరు దగ్గరికి మహాదేవమ్మ వెళ్లింది. ఆమెకు రెండు రోజులుగా అన్నం సయించడం లేదు.

"మొదట ఎస్ పెట్టినా సార్. నేనే కొట్టేసినా. అన్నిటికీ ఎస్ పెట్టే భాషలో దీనికెందుకు లేదు?"

"పూర్వం ఇంగ్లీషులో ఒక్కో మాటకు ఒక్కో తీరంటమ్మా. ఆక్స్‌కు ఆక్సెన్, ఫుట్‌కు ఫీట్, షీప్‌కు ఏమీ లేదు. తర్వాత ఎస్ వచ్చి అన్నిటినీ మింగింది. దినామూ నోట్లో నలిగే మాటలు మాత్రం దానికి లొంగలేదు. పిల్లోళ్లు పుట్టినప్పటి నుంచీ అట్లే వింటారు గదా. మనమూ చెయ్యి, చేతులు అంటాం. చెయ్యిలు అంటే పక్కోళ్లు నవ్వరా?"

మహాదేవమ్మ తలూపింది. అర్థమయినట్టే అనిపించింది. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చింది.

"మరి మేక? వాళ్లు మేకను గూడా దినామూ పిలుస్తారు గదా. గోట్, గోట్స్. దానికి ఎస్ ఎట్లొచ్చింది?"

డాక్టరు సూదిని వెలుతురుకు పట్టి చూశాడు. "అది నాకూ తెలీదమ్మా" అన్నాడు.

మరునాడు ఆమె హులిగెమ్మ ఇంటికి వెళ్లి, జరిగింది దాచకుండా చెప్పింది. ఒక్క అక్షరం కొట్టెయ్యకపోయి ఉంటే మందు మొదటిసారే సరిపడా వచ్చేదేమోనంది. హులిగెమ్మ గుమ్మంలో కూర్చుని అంతా వింది.

"అయితే నువ్వు కొట్టేసింది తప్పా?"

"కాదవ్వా. కొట్టెయ్యడమే ఒప్పు."

"ముందు రాసింది?"

"అది తప్పు."

"తప్పు రాసుంటే గొర్రెలు బతుకుతాండె. ఒప్పు రాస్తే సచ్చె. ఇదేం సదువు తల్లీ?"

కోపంతో అడిగిందా, నిజంగా తెలియక అడిగిందా అన్నది అవ్వ ముఖంలో మహాదేవమ్మకు కనిపించలేదు. హులిగెమ్మ లేచి లోపలికి వెళ్లి, చెంబుతో మజ్జిగ తెచ్చి ఆమె చేతికిచ్చింది.

"తాగు. ఎండన పడి వచ్చినావు" అని, మందను తోలుకుపోవడానికి కర్ర తీసుకుంది.