మేడమీది వాటా

సరోజ ముందు వంటింటి కుళాయి తిప్పింది. కొన్నాళ్ళుగా ఎవరూ ఉండని ఇల్లు. గొట్టం లోపల గాలి గుటకలు వేసి, తర్వాత తుప్పు రంగు నీళ్ళు పడ్డాయి. అవి తేటపడేదాకా వదిలేసి, బాత్‌రూమ్‌లో కుళాయి కూడా తిప్పి వచ్చింది. హాల్లో బ్లైండ్స్ పైకి లాగింది. కిటికీ అంచున వెల్లకిలా ఎండిపోయిన ఈగల్ని టిష్యూ కాగితంతో ఊడ్చి, మడిచి, కోటు జేబులో వేసుకుంది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళ కళ్ళు గోడల మీదకన్నా ముందు చచ్చిన ఈగల మీదే పడతాయని ఆమె అనుభవం.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, కాస్త ముందుకు వంగిన భుజాలతో ఉంటుంది. మోకాళ్ళ దాకా మంచు బూట్లు, మెడలో కంపెనీ కార్డు. తాళాల గుత్తి ఒరుసుకుని బొటనవేలి పక్కన చిన్న కాయ కాసింది. గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక చిన్న రెంటల్ కంపెనీ తరఫున ఇళ్ళు చూపించడం ఆమె ఉద్యోగం. డచ్చివాళ్ళు వలసొచ్చి స్థిరపడిన ఆ మిషిగన్ ఊళ్ళో సరోజ తలుపు తీసి చూపించని పేట లేదు. తనకు మాత్రం సొంత ఇల్లు లేదు. భర్త రామమోహనరావు పనిచేసిన ఫర్నిచర్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరూ ఇక ఆ ఊసెత్తలేదు.

అది 2011 ఫిబ్రవరి. రాత్రి పడ్డ మంచుని పొద్దున్నే ట్రక్కులు రోడ్డు పక్కకి తోసి వెళ్ళాయి. పార్కింగ్ స్థలంలో కారు ఆగింది. యువ దంపతులు దిగారు. అతను ముందు నడుస్తున్నాడు. వెనక ఆ అమ్మాయి కొత్త బూట్లతో జారకుండా పాదాలు అడ్డంగా వేస్తూ వస్తోంది.

"నమస్తే ఆంటీ! ఫోన్‌లో మీరు తెలుగు మాట్లాడేసరికి ఎంత రిలీఫో," అన్నాడతను. పేరు అక్షయ్. విజయవాడ. ఒక పెద్ద కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. భార్య ప్రణీతది హన్మకొండ. వచ్చి నెలయింది, ఇంకా హోటల్ గదిలోనే ఉంటున్నారు.

అతనికి ఇల్లు చూడగానే నచ్చింది. డిష్‌వాషర్ తలుపు తీసి మూశాడు. అలమరలు లెక్కపెట్టుకున్నాడు. "ఇక్కణ్ణించి ఆఫీస్‌కి ఫైవ్ మినిట్స్ డ్రైవ్. కింద జిమ్ కూడా ఉంది. ఇంకేం కావాలి ప్రణీతా?"

ప్రణీత కిటికీ దగ్గర నిలబడి ఉంది. "ఈడ మనోళ్ళు ఉంటరా ఆంటీ?" అని అడిగింది.

"అది నేను చెప్పకూడదమ్మా. రూల్ ఒప్పుకోదు."

ఉద్యోగంలో చేరిన రోజే నేర్పిన రూలు అది, మనుషుల్ని జాతుల వారీగా పేటలకి పంచినట్టు కాకూడదని. ఏ పేటలో ఎలాంటివాళ్ళు ఉంటారో, ఎవరికి ఏ పేట సరిపోతుందో చెప్పకూడదు. ఇల్లు చూపించాలి, అంతే. సరోజ ఆ రూల్ని ఎప్పుడూ దాటలేదు. కానీ ఈ కెంట్‌వుడ్ పేటకి ఎవర్ని తీసుకొచ్చినా ఆమెకి తన మొదటి చలికాలం గుర్తొస్తుంది. ఇరవై అయిదేళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, ఇదే రోడ్డు మీద ఇంకో కాంప్లెక్స్‌లో ఆమె కాపురం మొదలైంది. అప్పుడు డ్రైవింగ్ రాదు. ఒకరోజు పాలు అయిపోతే, భర్త వచ్చేదాకా ఎందుకని నడిచి బయలుదేరింది. పక్కన నడిచే దారి లేదు. మంచులో కాళ్ళు కూరుకుంటూ పోతుంటే పోలీసు కారు ఆగింది. 'మీ కారు చెడిపోయిందా?' అని అడిగాడాయన. నడుస్తున్నానని చెప్పడానికి ఆమెకి ఇంగ్లీషు చాలలేదు. ఆయన మర్యాదగా ఇంటి దగ్గర దింపి వెళ్ళాడు. ఆ తర్వాత చలికాలం పోయేదాకా ఆమె గడప దాటలేదు. చివరికి రామమోహనరావు ఏమడిగినా తల ఊపడమే తప్ప నోట్లోంచి మాట వచ్చేది కాదు.

సరోజ టిష్యూ కాగితాన్ని జేబులో నలిపింది.

"ప్రణీతా, ఒక పని చేస్తావా? అతను గదులు చూసుకుంటాడు. నువ్వొక్కదానివే నడిచి వెళ్ళి ఏదైనా కొనుక్కురా. ఏదైనా సరే."

అక్షయ్ నవ్వాడు. "ఇప్పుడా? కార్‌లో వెళ్దాం లెండి ఆంటీ."

"నడిచే వెళ్ళాలి."

ప్రణీత ఒకసారి ఆమె మొహంలోకి చూసి, ఏమీ అడక్కుండా కోటు జిప్పు పైకి లాక్కుని వెళ్ళింది. కిటికీలోంచి చూస్తూ నిలబడింది సరోజ. ఆ అమ్మాయి పార్కింగ్ దాటి రోడ్డు దాకా వెళ్ళింది. అక్కడ ట్రక్కులు తోసిన మంచు నడుము ఎత్తున గట్టు కట్టి ఉంది. అటు రెండడుగులు వేసింది. ఇటు రెండడుగులు వేసింది. పెద్ద లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోతే వెనక్కి గెంతింది. కాసేపటికి తిరిగి వచ్చేసింది.

"తొవ్వ లేదాంటీ," అంది, నవ్వుతున్నట్టే.

"నేనున్నాగా. వీకెండ్ తీసుకెళ్తా," అన్నాడు అక్షయ్.

"అవును," అంది ప్రణీత.

ఆ 'అవును' సరోజకి బాగా తెలుసు.

తర్వాత నది దాటి పడమటి వైపు ఒక వాటా చూపించింది. ప్రణీత మూలనున్న బేకరీ దాకా వెళ్ళి వచ్చింది గాని, ఇంటి కింద సెల్లార్‌లోంచి బూజు వాసన మేడ దాకా కొడుతోంది. అక్షయ్ వరసగా తుమ్ములు తుమ్ముతుంటే అతన్ని చూసి ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వు ఆపుకోలేకపోయారు. పొద్దుటినుంచీ ప్రణీత నిజంగా నవ్వింది అప్పుడే.

ఈస్ట్‌టౌన్‌లో ఇల్లు చివరిది. బూడిద రంగు వేసిన పాత చెక్క ఇల్లు, ముందు వరండా. కింద ఇంటావిడ మిసెస్ డైక్‌స్ట్రా ఉంటుంది. మేడమీది వాటా అద్దెకి. ఆవిడ ఎనభై అయిదేళ్ళ మనిషి. యుద్ధం అయిన కొన్నాళ్ళకి ఓడెక్కి వచ్చి, ఈ ఇంట్లోనే మొగుణ్ణి సాగనంపింది, కొడుకుని పెంచింది. సరోజని 'సరోయా' అంటుంది. వాళ్ళ డచ్చి భాషలో 'జ' ఉన్నచోట 'య' పలుకుతారు. పాతికేళ్ళు అలాగే పిలిచింది, సరోజ ఎప్పుడూ సరిదిద్దలేదు.

ఎందుకంటే ఆ మేడమీది వాటాలో సరోజా, రామమోహనరావూ తొమ్మిదేళ్ళున్నారు. వాళ్ళమ్మాయి అనన్య నడక నేర్చింది అక్కడే. వచ్చిన కొత్తలో సరోజ పొద్దంతా మంచం దిగేది కాదు. అడుగుల చప్పుడు వినిపించకపోతే, కింద మిసెస్ డైక్‌స్ట్రా చీపురు కర్రతో తన గది పైకప్పుని కింది నుంచి కొట్టేది. సరోజ లేచి మడమతో నేలమీద తట్టాలి. తట్టకపోతే ఆవిడ కాఫీ గ్లాసుతో మెట్లెక్కి వచ్చేసేది. అలా కొట్టగా కొట్టగా ఒకరోజు సరోజ తనే కిందికి దిగి వెళ్ళింది. బస్సెక్కడం, చెట్ల పేర్లు, చలికాలం బట్టలు ఒకదాని మీద ఒకటి ఎలా తొడుక్కోవాలో, అన్నీ ఆవిడ దగ్గరే నేర్చుకుంది.

మేడమీద గదులు చూపించి, ప్రణీతని మళ్ళీ అదే పని మీద పంపింది. ఈసారి ఆ అమ్మాయి చాలాసేపు రాలేదు.

అక్షయ్ వరండాలోకి వెళ్ళి చూశాడు. కోటు లేకుండానే వీధి మొగదాకా వెళ్ళి వచ్చాడు. "ఫోన్ కూడా కార్‌లోనే వదిలేసింది ఆంటీ," అన్నాడు. చేతులు చంకల్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. తల ఎత్తకుండా అన్నాడు. "తను అక్కడ స్కూల్ టీచర్. క్లాస్ నిండా పిల్లలు, పొద్దున్నించి సాయంత్రం దాకా మాటలే. ఇక్కడ నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి కర్టెన్స్ వేసుకుని పడుకుని ఉంటుంది. తిన్నావా అంటే అవును అంటుంది. బాగున్నావా అన్నా అవునే. కొత్తలో అందరికీ ఇంతేనా ఆంటీ?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో సరోజని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆమె అతని పక్కన, ఒక మెట్టు పైన కూర్చుంది.

"అందరికీ కాదు బాబూ. నాకైంది."

"తర్వాత?"

"ఈ ఇంటికి వచ్చాం."

అంతకన్నా చెప్పలేదు. చెప్పిందే రూలు దాటినట్టు అనిపించింది గాని, బాధ కలగలేదు.

అప్పుడు మలుపులో ప్రణీత కనిపించింది. చేతిలో కాగితం సంచీ, చలికి ఎర్రబడ్డ ముక్కు. దాదాపు పరిగెత్తుతోంది.

"తప్పిపోయిన!" అంది దూరం నుంచే. "బ్రెడ్ కొన్న. వచ్చేటప్పుడు ఒక గల్లీ ముందే తిరిగిన. అన్ని ఇండ్లు ఒక్క తీర్గనే ఉన్నయి. కుక్కను తిప్పుతున్న ఆమెను అడుగుదామనుకున్న, మల్ల వద్దనుకున్న. బస్టాప్ కాడికి పోయి బోర్డు చూసుకుని, నేనే తొవ్వ దొరకవట్టుకున్న అక్షయ్! నేనే!"

అక్షయ్ లేచి నిలబడ్డాడు. ఆమె చేతిలో సంచీ తీసుకున్నాడు. ఆ ఇంట్లో డిష్‌వాషర్ లేదు, కారు వీధిలో పెట్టుకోవాలి, ఆఫీసు దూరం. అవన్నీ అతని మొహంలో ఒకదాని వెనక ఒకటి వచ్చి పోవడం సరోజ చూసింది.

"డ్రైవ్ ఎంతాంటీ? ట్వంటీ మినిట్స్? ఏముందిలెండి," అన్నాడు.

మిసెస్ డైక్‌స్ట్రా తలుపు తీసి, చేతికర్ర ఆనుకుంటూ వరండాలోకి వచ్చింది. తెల్లటి పల్చటి జుట్టు, ఉన్ని స్వెటర్, గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుంది. కర్ర గోడకి ఆనించి, ప్రణీత చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, బ్రెడ్ ఏ కొట్లో కొన్నావని అడిగింది. పేరు చెబితే, తల అడ్డంగా ఊపి, ఇంకో కొట్టు పేరు చెప్పింది. ఎల్లుండి శుక్రవారం నాడు సామాను తెచ్చుకోమంది.

వాళ్ళు వెళ్ళాక సరోజతో అంది. "పైన ఆ అమ్మాయి నడుస్తుంటే విన్నాను సరోయా. తేలిగ్గా నడుస్తుంది. కాని మధ్యమధ్యలో ఆగిపోతోంది."

"ఆగితే మీరున్నారుగా."

ఆవిడ నవ్వింది. "నాలుగింటికి రా. కాఫీ పెడతాను."

సరోజ ఆఫీసుకి వెళ్ళి కాగితాలు పూర్తి చేసింది. మధ్యలో ఇంకో ఇంటికి తాళం మార్పించింది. కారులోనే డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం తింది. రామమోహనరావు ఫోన్ చేసి, చింతపండు ఎక్కడ పెట్టావని అడిగాడు, చెప్పింది. నాలుగు దాటుతుండగా ఈస్ట్‌టౌన్‌కి తిరిగి వచ్చింది. ఎండ ఏటవాలుగా మంచు మీద పడి వీధంతా లేత గులాబీ రంగులో ఉంది.

తలుపు తట్టింది. ఎవరూ పలకలేదు. గొళ్ళెం వేసి లేకపోతే తోసుకుని లోపలికి వెళ్ళింది.

మిసెస్ డైక్‌స్ట్రా కిటికీ పక్క కుర్చీలో ఉంది. తల ఒక పక్కకి వాలి, చేతులు ఒళ్ళో ఉన్నాయి. వంటింట్లో రెండు కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి, కాఫీ ఇంకా పెట్టలేదు. నిద్రపోతోందనుకుని సరోజ మెల్లిగా పిలిచింది. మళ్ళీ పిలిచింది. దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. చెయ్యి చల్లగా లేదు, కాని అందులో ఆవిడ లేదు.

ఫోన్ చేస్తే అంబులెన్స్ వాళ్ళు వచ్చారు. హడావుడి చెయ్యకుండా, అవసరం లేదన్నట్టు, నెమ్మదిగా పనులు చేశారు. గుండె ఆగిందనీ, బాధ తెలిసి ఉండదనీ చెప్పారు. ఒహాయోలో ఉన్న కొడుకు కార్ల్‌తో సరోజే మాట్లాడింది. అతను ఎప్పుడు, ఎలా అని అడిగాడు. తర్వాత, మేడమీదికి ఎవరో వస్తున్నారని మధ్యాహ్నం అమ్మ ఫోన్లో చెప్పిందనీ, అప్పుడామె చాలా సంతోషంగా ఉందనీ అన్నాడు.

"వాళ్ళని ఏం చెయ్యమంటారు?" అని అడిగింది సరోజ.

"అమ్మ రమ్మందిగా. రానివ్వండి."

అందరూ వెళ్ళాక ఆమె భర్తకి ఫోన్ చేసింది. "ఆవిడ పోయారండీ," అంది. అటువైపు రామమోహనరావు పొయ్యి కట్టేసిన చప్పుడు వినిపించింది.

"ఒక్కదానివే ఉన్నావా?"

"ఆఁ."

"అక్కడే ఉండు. నేనొస్తున్నా."

అతను వచ్చేలోపు మేడమీద లైట్లు ఆర్పి తాళం వేద్దామని సరోజ మెట్లెక్కింది. తలుపు తీయగానే మొహానికి వెచ్చగా తగిలింది. ఖాళీ వాటాలో గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకుండా ఉండేంత వేడి మాత్రమే పెట్టి ఉంచుతారు. మధ్యాహ్నం వెళ్ళేటప్పుడు గదిని వేడిచేసే రేడియేటర్ మర ఆమే తగ్గించి వెళ్ళింది. ఇప్పుడది చివరిదాకా తిప్పి ఉంది. ఆ ఇంటి పాత గోడలు పూర్తిగా వెచ్చబడడానికి రెండు రోజులు పడుతుంది. శుక్రవారానికి సరిగ్గా సరిపోతుంది.

మోకాలి ఆపరేషన్ అయినప్పటినుంచి మిసెస్ డైక్‌స్ట్రా ఆ మెట్లు ఎక్కలేదు. ఇవాళ ఎక్కింది. దిగేటప్పుడు నిటారు మెట్లకి భయపడి రెండు చేతులతోనూ కమ్మీ పట్టుకుని దిగి ఉంటుంది.

సరోజ కిటికీ పక్కన నేలమీద కూర్చుంది. చేతులు రేడియేటర్ దగ్గర పెట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది. కింద వీధిలో బస్సు ఆగిన చప్పుడు, ఆ తర్వాత వరండాలో రామమోహనరావు బూట్ల మంచు విదిలించుకుంటున్న చప్పుడు వినిపించాయి. ఆమె లేచి, కళ్ళు తుడుచుకుని, లైటు ఆర్పబోయి ఆగింది.

రేడియేటర్ పక్కన గోడకి ఆనించి, చివర రబ్బరు ఒక వైపు అరిగిపోయిన చేతికర్ర ఉంది.