మొగలి పొదలో రాయి

మొగలి పొదలోకి నడుం దాకా దూరి కత్తితో ఊడలు నరుకుతోంది వీరవేణి. రంపంలాంటి ఆకులు మోచేతుల్ని గీరుతున్నాయి. పాత గీతల మీద కొత్త గీతలు. చీర మీద మొగుడి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంది గానీ దాని మోచేతులు ఎప్పుడో చిరిగిపోయాయి. కాళ్లకి హవాయి చెప్పులు. బూట్లు, చేతితొడుగులు కావాలని ఓసారి అడిగింది. "ఆడపిల్లవి, బూట్లేసుకుని చేలో తిరిగితే నవ్వుతారమ్మా" అన్నారు సర్వేయరు గౌరీశంకరం గారు. నిజంగా జాలిపడే అన్నారు. ఇలాంటి జాలి ఈ దేశంలో బోలెడంత దొరుకుతుంది. బూట్లే దొరకవు.

ఆయన కొబ్బరి నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని బొండం తాగుతున్నారు.

"హద్దు రాయి దొరికిందా వేణీ?"

"లేదండీ. ఇంకాస్త లోపలుంటదండీ."

గట్టుకి ఇటు సాయిదుర్గాప్రసాద్ గారి తోట, అటు అచ్చమ్మ అరెకరం. హద్దు చెట్టు చచ్చిపోతే దాని మొదట్లో కొత్త మొక్క పెట్టరు ఇక్కడ. పాత వేళ్లు ఎదగనివ్వవంటారు. ఓ అడుగు పక్కకి పెడతారు. ఆ అడుగు ఎప్పుడూ బలం లేనివాళ్ల వైపే పడుతుంది. అలా మూడు తరాల్లో అచ్చమ్మ చేను ఉతికిన నూలుగుడ్డలా కుంచించుకుపోయింది. కాయలు దింపించుకునేది మాత్రం ప్రసాద్ గారు. ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్ యంత్రం కొత్తగా వస్తే అదీ పెట్టి చూశారు. దట్టమైన కొబ్బరాకుల కింద దానికి సిగ్నల్ అందలేదు. ఇంక టేపూ, జెండా కర్రలూ, పాతకాలం సర్వే రాయీ, అంతే.

ఇవాళ కొలిచేది వీరవేణి. కర్ర పట్టుకోవడం కాదు, మొత్తం కొలత ఆమెదే. పదిహేనేళ్లుగా గౌరీశంకరం గారి వెనక కర్రలు మోసింది. పెళ్లయ్యాక ఐటీఐ చదివింది, సామర్లకోట వెళ్లి సర్వే శిక్షణ పూర్తి చేసింది. సర్వేయరు లైసెన్సు పరీక్షకి కూర్చోవాలంటే సొంతంగా ఓ హద్దు తేల్చినట్టు ఆయన సంతకం పెట్టాలి. "వచ్చే ఏడు చూద్దాంలే" అని ఆయన చాలా ఏళ్లు గడిపేశారు. దరఖాస్తుకి రేపే ఆఖరు.

ఆమె తండ్రి లంక భూమి గోదావరి కోసుకుపోయింది. కొలిచి చూపించమని ఆయన ఎవర్ని అడిగినా నవ్వారు. నీళ్లలో ఏం కొలుస్తామన్నారు. ఒక్కరు, ఒక్కరైనా టేపు పట్టుకుని గట్టు దాకా వచ్చి ఇదిగో ఇక్కడి నుంచి పోయిందయ్యా అని చూపించలేదు. అది చూపించే మనిషి తనే అవ్వాలనుకుంది వీరవేణి.

ఊడల కింద మన్ను మెత్తగా తగిలింది. బోర్లా పడుకుని బొరియలాంటి సందులోకి చెయ్యి పెట్టి తడిమింది. వేలికి రాయి అంచు తగిలింది, నున్నగా, చల్లగా. అప్పుడే మణికట్టు దగ్గర చురుక్కుమంది.

"అబ్బా!"

"ఏమైందే?" గట్టు అవతల నుంచి అచ్చమ్మ కేకేసింది.

"మొగలి ముల్లు పిన్నీ. రాయి దొరికింది!"

చెయ్యి చూసుకుంది. రెండు చిన్న చుక్కలు. మొగలి ముళ్లు జంటగానే దిగుతాయి ఒక్కోసారి. చొక్కాకి తుడుచుకుంది.

రాయి నెత్తిన జెండా కర్ర పాతింది. కాలవ దగ్గరున్న రెండో రాయి మీద ఇంకోటి పాతింది. రెంటికీ మధ్య టేపు పరుస్తూ మేకులు దిగ్గొడుతుంటే ప్రసాద్ గారు గొడుగేసుకుని వచ్చారు.

"ఏవండీ శంకరం గారూ, ఇంక మా హద్దులు ఆడోళ్లు తేలుస్తారేటండీ?"

"చూడనివ్వండి. తప్పుంటే నేను లేనా."

"మా తాతగారు పెట్టిన చెట్లండి ఇయి!"

"చెట్లు మీ తాతగారియ్యే బాబుగారూ," అంది వీరవేణి, "నేల అచ్చమ్మ పిన్నిది."

అచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రసాద్ గారు గొడుగు మూసి, మళ్లీ తెరిచి, వెళ్లిపోయారు.

మధ్యాహ్నం తిరిగేసరికి కడుపులో నొప్పి మొదలైంది. ఎండలో ఏమీ తిననందువల్ల అనుకుంది. కాలవ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వరస చూస్తే మొగలి పొద దగ్గర పాతిన ఒక్క కర్రా రెండుగా కనిపించింది. తల విదిలించింది. మళ్లీ రెండే. ఎడం కన్ను చేత్తో మూసుకుంది. ఒకటైంది. ఆ ఒంటి కంటితోనే వరస సరిచూసింది, ఆఖరి మేకు కొట్టింది. గౌరీశంకరం గారు కుర్చీలోంచి లేచి వచ్చి ఆ చివరా ఈ చివరా తనే కొలిచి చూశారు.

"సరిపోయింది. రేపు పొద్దున్నే ఇంటికి రా, సంతకం పెడతాను."

"ఇప్పుడే పెట్టండి బాబూ." నాలుక మందంగా తిరిగింది. "రేపు... రేపటి మాట వద్దండి."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. రెప్పలు వాలిపోతున్నాయి. తాగినట్టుంది, కానీ తాగలేదని ఆయనకి తెలుసు. మోకాలి మీద కాగితం పెట్టుకుని సంతకం పెట్టారు.

"నిద్దరొస్తందండీ," అంది వీరవేణి.

అప్పుడు అచ్చమ్మ ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. చూసి, "ఇది ముల్లు కాదే!" అంటూ రోడ్డు మీదకి పరిగెత్తింది ఆటో కోసం.

రాజోలు ఆసుపత్రికి బయల్దేరారు. అచ్చమ్మ భుజం మీద తల వాల్చింది వీరవేణి. కాగితం చొక్కా జేబులో ఉంది. "మేకులు పీకనియ్యకు పిన్నీ" అంది ఓసారి. "నేనుండగా పీకుతారేటే!" అంది అచ్చమ్మ. ఆయ్, అన్నట్టు తల ఊపింది వీరవేణి. తాటిపాక సెంటర్లో బస్సు అడ్డమొచ్చి ఆటో ఆగింది. మళ్లీ కదిలేటప్పటికి భుజం మీద బరువు మారిందని, మెడకి తగిలే ఊపిరి ఆగిందని అచ్చమ్మకి తెలిసింది. డ్రైవరుకి చెప్పలేదు. పోనివ్వమంది.

మర్నాడు గౌరీశంకరం గారు సామాను సర్దించుకుపోయారు. టేపు, కత్తి, కుర్చీ, అన్నీ. పాము భయంతో పొద దగ్గరికి వెళ్లడానికి ఎవరూ ఒప్పుకోలేదు. అచ్చమ్మ కాలవ దగ్గర కూర్చుని హద్దు వెంట అటు చూసింది. దూరంగా రాయి నెత్తిన, ఎరుపూ తెలుపూ పట్టీలతో, జెండా కర్ర. ఒక్కటే.