పరుపుకు గుచ్చిన సూది

ముందు కాళ్లవైపు నుంచి, తరవాత తలవైపు నుంచి, ఆపైన మధ్యలో పట్టుకుని ఆమె దుప్పటి దులుపుతోంది. దులిపాక వెలుతురుకు అడ్డంగా ఎత్తి చూసింది. అది ఆమె సొంత దుప్పటి. ఆమె తప్ప ఎవరూ పడుకోని మంచం మీదిది. అయినా పొద్దున్నే దాన్ని దులపనిదే ఇంకో పనికి చెయ్యి ఆడదు.

రెండో మంచం మీద కూర్చుని ఒక అమ్మాయి జడ వేసుకుంటోంది. నర్సింగు రెండో ఏడు చదువుతోంది. హాస్టల్లో చోటు లేక ఆరు నెలల కిందట ఈ ఇంట్లో అద్దెకు దిగింది. తిన్నావా, తాళం వేశావా అన్నంతవరకే ఇద్దరి మధ్యా మాటలు. కానీ ఇంట్లో ఇంకో మనిషి తుమ్మితే వినపడటం ఆమెకు ఎంతో బాగుండేది.

ఇద్దరూ వెళ్లేది ఒకే ఆసుపత్రికి. ఆమె అక్కడ ఆడవాళ్ల వార్డులో ఆయా. రోగుల పక్కగుడ్డలు మార్చడం పని. ఏ దుప్పటినీ నేరుగా చేత్తో తియ్యదు. పొడవాటి పట్టకారుతో ఎత్తి, దులిపి, పరుపంతా కళ్లతో వెతికి అప్పుడు ముట్టుకుంటుంది. పక్కవార్డు ఆయా పది మంచాలు ముగించేసరికి ఈమెవి ఆరు అవుతాయి. అందరూ దులుపులమ్మ అని పిలిచి పిలిచి అసలు పేరు మరిచిపోయారు.

"దులుపులమ్మా, నన్నూ ఓసారి దులుపు. ఈ దగ్గు రాలిపోతుందేమో," అంది మూడో మంచం ముసలమ్మ.

"దగ్గు సంగతేమోగానీ ఉన్న రెండు పళ్లూ రాలతాయి. ఊరుకో."

వాడిన సూదులు వెయ్యాల్సిన డబ్బా వరండా చివర ఉంటుంది. రక్తం తీశాక దాన్ని గొట్టంలో నింపి మూత బిగించాలంటే రెండు చేతులూ కావాలి. సూదితో అంత దూరం ఎవరు పోతారు? ఒక్క నిమిషానికని పరుపు అంచుకు అడ్డంగా గుచ్చుతారు, మొన అవతల పొడుచుకొచ్చి ఉంటుంది. అలా చెయ్యొద్దని గోడ మీద కాగితం ఉంది. చదువుకునే పిల్లలు మాత్రం కాగితాన్ని చూసి కాదు, పెద్దవాళ్ల చేతులు చూసి నేర్చుకుంటారు.

పదకొండింటికి పదో మంచం దగ్గర ఆ అమ్మాయీ అదే చేసింది. గొట్టానికి చీటీ అంటించి, రోగిని సర్దబోతూ పరుపు మీద చెయ్యి ఆనించింది. ఉలిక్కిపడింది. గ్లవుజు లోపల వేలి కొన ఎర్రబడింది. చుట్టూ చూసి, చేతిని కోటు జేబులో దాచుకుంది.

చూసింది ఆయా ఒక్కతే. అమ్మాయిని కుళాయి దగ్గరికి తీసుకెళ్లింది.

"సబ్బుతో కడుగు. నొక్కకు. కడిగి, సిస్టరుకు చెప్పు."

"చిన్న గీత పిన్నీ. ఏం కాదు."

"చెప్పు అమ్మాయ్."

"మొన్న ఒకదాన్ని అందరిముందూ నిలబెట్టి, సూది పట్టడం రాకపోతే చీపురు పట్టుకోమంది. నీకు దణ్ణం పెడతా, చెప్పకు."

ఇరవై ఒక్క ఏళ్ల కిందట ఆయా కూడా ఇలాగే ఎవరికీ చెప్పలేదు. కొత్తగా పనిలో చేరిన రోజులవి. ఎవరో శిక్షణలో ఉన్న డాక్టరు పరుపుకు గుచ్చి మరిచిపోయిన సూది ఆమె అరచేతిలో దిగింది. చెబితే పని పోతుందని నోరు మెదపలేదు. పది రోజులకు ఆ మంచం మీది మనిషి చనిపోయింది. ఏ జబ్బుతోనో ఆయాకు ఎవరు చెబుతారు? ఆ ఏడే పెళ్లి కుదిరింది. తన ఒంట్లో ఏముందో తెలియకుండా ఇంకొకరి గొంతు కోయడం ఎందుకని వద్దంది. కారణం ఎంత అడిగినా చెప్పలేదు. అక్క పిల్లల్ని ఎత్తుకోలేదు. వాళ్లు పెద్దయ్యాక, పిన్నికి పొగరనుకుని రావడం మానేశారు. పదిహేనేళ్ల తరవాత ఆసుపత్రిలో పనివాళ్లందరికీ రక్తపరీక్షలు చేయించారు. ఆమెకు ఏ జబ్బూ లేదని కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆమె దాన్ని పట్టుకుని మాసిన గుడ్డల గదిలో చాలాసేపు కూర్చుంది.

ఇవాళ మాత్రం పన్నెండు కాకముందే ఆయా సిస్టరు గదికి వెళ్లి చూసింది చూసినట్టు చెప్పింది.

సిస్టరు అమ్మాయిని అందరిముందే తిట్టింది. తరవాత ఆయాను తోడిచ్చి డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన రోగి రక్తాన్ని పరీక్షకు పంపి, ఎయిడ్స్ సోకకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చే మాత్రల డబ్బా అమ్మాయి చేతిలో పెట్టాడు.

"రోజుకొకటి, ఇరవై ఎనిమిది రోజులు. ఆలస్యమయ్యేకొద్దీ మందు పని తగ్గుతుంది. మొదటిది ఇప్పుడే వేసుకో."

"ఇంటికెళ్లి, తిని వేసుకుంటా," అంది అమ్మాయి తలెత్తకుండా.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. ఆయా అన్నం పెట్టుకొచ్చింది.

"రెండు ముద్దలు తిని మాత్ర వేసుకో."

"వేసుకోను. ఊరంతా చాటావుగా, నీకు తృప్తే కదా."

"నీ మంచికే చెప్పాను."

"నీకేం తెలుసు పిన్నీ, దుప్పట్లు దులపడం తప్ప?"

ఇరవై ఒక్క ఏళ్లూ ఆమె నోటిదాకా వచ్చాయి. ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతిని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"చల్లారిపోతుంది, తిను," అని పెరట్లోకి వెళ్లి గిన్నెలు ముందేసుకుంది.

సగం తోమేసరికి అడుగుల చప్పుడైంది. అమ్మాయి పెట్టె పట్టుకుని ఆమె పక్కనుంచే గేటు దాకా నడిచింది. తల తిప్పలేదు. ఆమె సబ్బు చేతులతోనే లేచి నిలబడింది. మాత్ర వేసుకున్నావా అని అడగాలనుకునేలోపే గేటు మూసుకుంది.

లోపల అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆమె మాత్రల డబ్బా కోసం మంచం కింద, గూట్లో, చెత్తబుట్టలో వెతికింది. ఎక్కడా లేదు. తీసుకెళ్లింది. కానీ తీసుకెళ్లడం వేరు, వేసుకోవడం వేరు.

అప్పుడు బల్ల వైపు చూసింది. డబ్బా మూతికి అంటించి ఉండే వెండిరంగు కాగితం చింపి పడేసి ఉంది. దాని పక్కనే గ్లాసు, అడుగున గుక్కెడు నీళ్లు.