నాలుగు దేశాల కారం

భరత్ తనతో మాట్లాడడని మానసకు పెళ్లైన నెలకే అర్థమైంది. పొద్దున చాయ్ తాగి బట్టల దుకాణానికి పోతాడు. రాత్రి వచ్చి "తిన్న" అని ఒక్క మాట అంటాడు. ఆ మాట కూడా గోడకు చెప్పినట్టే ఉంటుంది.

ఇంకొక అమ్మాయైతే అప్పుడే పుట్టింటికి ఫోన్ చేసేది. మానసకు మాత్రం అలాంటి మగవాళ్లు బాగా తెలుసు. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు ఒక జపాన్ బొమ్మల కథ చదివింది. గర్వంతో ముఖం తిప్పుకునే డబ్బున్న అబ్బాయి, అతనికి రోజూ అన్నం బాక్సు తెచ్చే అమ్మాయి. వద్దంటూనే ఉంటాడు, బాక్సు మాత్రం ఖాళీగా తిరిగి వస్తుంది. ఒకరోజు ఆ అమ్మాయి కోపంతో కూర నిండా కారం పోస్తుంది. అతను మెతుకు మిగల్చకుండా తిని, ఎర్రబడ్డ కళ్లతో ఆమె గుమ్మంలోకి వచ్చి, "ఇంత కారం నేను తప్ప ఎవరు తింటారు?" అంటాడు. ప్రేమ మొదలయ్యేది అక్కడే.

ఆ కథను జపాన్ వాళ్లు సీరియల్‌గా తీశారు. తర్వాత తైవాన్ వాళ్లు, కొరియా వాళ్లు, థాయ్‌లాండ్ వాళ్లు తీశారు. మానస నాలుగూ చూసింది. ఒకచోట బాక్సులో అన్నం ముద్దలుంటాయి, ఒకచోట నాచు చుట్టిన అన్నం, ఒకచోట తులసాకు వేసిన వేపుడు. కారం సీను మాత్రం ఎవరూ వదల్లేదు. ఇంకోటి కూడా మారలేదు. నాలుగింటిలోనూ అబ్బాయి తల్లి ఆ అమ్మాయి పక్షమే.

అత్త సుగుణ కూడా అలాంటిదే అనుకుంది మానస. మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక ఇద్దరూ హాల్లో కూర్చునేవాళ్లు. కొరియా వాళ్లది తెలుగులో వస్తోంది. సుగుణ కాళ్లు చాపుకుని, శనక్కాయలు ఒలుచుకుంటూ చూసేది.

"వీడెప్పుడు మారుతడే?"

"పన్నెండో ఎపిసోడ్‌ల, అత్తమ్మా."

"మరి నువ్వు గూడ బాక్స్ పంపరాదు? దుకాణం సామాన్లకు మొగిలి రోజు వస్తనే ఉంటడు. వాని చేతికియ్యి."

మొగిలి ఇరవై ఏళ్లుగా ఆ దుకాణంలో బట్టలు మడత పెడుతున్నవాడు, సుగుణను పెద్దమ్మ అంటాడు. అతని చేతికి మొదటి రోజు వంకాయ కూర ఇచ్చి పంపింది. సాయంత్రం బాక్సు ఖాళీగా వచ్చింది, కడిగి మరీ. మానస దాన్ని పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడింది. ఇక రోజూ పచ్చిపులుసో, బెండకాయ వేపుడో, ఆదివారం సర్వపిండో. రోజూ ఖాళీగానే వచ్చేది.

ఆ రోజుల్లోనే ఆడబిడ్డ శ్రావణికి కరీంనగర్ సంబంధం కుదిరింది. మగపెళ్లివాళ్లు పట్టింపు మనుషులు. వచ్చినప్పుడల్లా, "మీ కోడలు ఏది?" అని అడిగి, మానసను పిలిపించుకుని చూసేవాళ్లు.

కారం సీను వచ్చిన రోజు మానస నవ్వుతూ అంది. "రేపు నేను గూడ పోస్త, అత్తమ్మా."

"పొయ్యి. నా కొడుకు ఏమంటడో నేను గూడ చూస్త."

మరునాడు సాయంత్రం దీపం పెట్టే వేళకే భరత్ ఇంటికొచ్చాడు. వంటింటి గడప దగ్గర నిలబడి, అల్మారా వైపు చూస్తూ, "ఇంత కారం నేను తప్ప ఎవరు తింటరు?" అన్నాడు. అని వెళ్లిపోయాడు.

అతని కళ్లు ఎర్రగా లేవు. తైవాన్ వాళ్లదాంట్లో కూడా అంత ఎర్రగా ఉండవులే అనుకుంది మానస. బయటికి నీళ్ల చప్పుడే వినపడేట్టు కుళాయి తిప్పి, ఆనందంతో ఏడ్చింది.

ఆ వారమే తొర్రూరు నుంచి అన్న నవీన్ వచ్చాడు. కుర్చీలో కూడా కూర్చోలేదు.

"చెల్లె, బట్టలు సర్దుకో. కాజీపేటల ఆయనకు ఇంకో ఇల్లున్నది. పగలు అక్కడనే తింటాండు. నేను కండ్లార చూసొచ్చిన."

సుగుణ నీళ్ల గ్లాసు పట్టుకుని అక్కడే ఉంది. ముఖంలో ఏమీ మారలేదు. "నీ చెల్లెనే అడుగు, బాబూ. మేమేమన్న కట్టేసుకున్నమా?"

మానస వంటింట్లోకి పోయి, బోర్లించిన బాక్సు తెచ్చి అన్న ముందు పెట్టింది.

"ఇగో. రోజు నా చేతి అన్నమే తింటాండు. అక్కడ తినేటోడైతె ఇది ఖాళీగ ఎట్ల వస్తది?"

"బాక్స్ చూసి సంసారం చేస్తానవానే?"

"నా సంసారం ఇప్పుడిప్పుడే మంచిగైతాంది. నువ్వు ఓర్వలేకపోతానవ్. వదినె నేర్పిచ్చి పంపిందా?"

నవీన్ బాక్సును పక్కకు జరిపాడు. వాకిట్లోకి పోయి చెప్పులేసుకున్నాడు. "సరే. ఇగ నాకు ఫోన్ చెయ్యకు."

"చాయ్ తాగి పో, బాబూ," అంది సుగుణ.

మాఘంలో శ్రావణి పెళ్లి ఘనంగా జరిగింది. పట్టుచీర కట్టుకుని అందరికీ బొట్టు పెట్టింది మానసే. నవీన్ రాలేదు. పెళ్లికూతుర్ని సాగనంపిన మరునాడు మానస టమాట పప్పు చేసి బాక్సు సర్దింది. మొగిలి వచ్చాడు గానీ చెయ్యి చాపలేదు.

"ఇయ్యాల్టి సంది బాక్స్ వద్దన్నది పెద్దమ్మ. మీకు చెప్పలేదా, అమ్మా?" తల గోక్కున్నాడు. "మంచిగుంటుండె మీ వంట. నా ఇంటిదానికి గిట్ల రాదు."

"నువ్వు తిన్నవా?"

"నేను గాక ఎవలు తింటరు? సేటు పన్నెండింటికే కాజీపేట పోతడాయె. బాక్స్ ఖాళీగ రావాలె అన్నది పెద్దమ్మ. ఆ కారం దినమే, అమ్మా, పానం పోయినంత పనైంది. తెల్లారి దవాఖానకు పోయిన." నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసి, సామాన్ల సంచి తీసుకుని మెట్లు దిగాడు.

సుగుణ హాల్లో టీవీ ముందు ఉంది. మానస బాక్సుతోనే వచ్చి నిలబడింది.

"ఆ మాట ఆయనకు మీరే నేర్పిన్రా?"

"ఏ మాట?"

"కారం మాట."

"నేనెక్కడ నేర్పిన? నువ్వే గద చెప్పినవ్, నాలుగు దేశాలల్ల అదే మాట అని." సుగుణ టీవీ సౌండ్ తగ్గించింది. "వానికి ఒక్కపట్టాన యాదికుంటెనా! రెండుసార్లు ఫోన్ల చెప్పించిన. మూడోసారి నవ్వు పట్టుకుంది వానికి."

"ఎందుకు, అత్తమ్మా?"

"కోడలు ఎల్లిపోయిన ఇంట్ల పిల్లను ఎవలు చేసుకుంటరు? ఇప్పుడైతె ఫికర్ లేదు. ఉంటె ఉండు, పోతె పో. నేనొద్దంటలేను."

మానస అక్కడే ఫోన్ తీసింది. అన్న నంబరు మోగి మోగి ఆగింది. రెండోసారి వదిన ఎత్తింది. "నేర్పిచ్చి పంపినదాన్ని మాట్లాడుతాన. చెప్పు," అంది. "అన్నకియ్యి, వదినె," అంది మానస. అటువైపు ఫోన్ పెట్టేశారు.

"ఎత్తుతలేడా?" సుగుణ పక్కకు జరిగి చోటిచ్చింది. "ఎన్ని దినాలు కోపముంటది? కూసో. ఇది ఆఖర్ల ఏమైతదో చెప్పు ముందుగాల. ఆ తల్లి నాకు మస్తు నచ్చింది."

నాలుగింటిలోనూ ఆ తల్లి చివరికి కోడలి చెయ్యి పట్టుకుని కొత్త ఇంట్లోకి అడుగుపెడుతుంది. మానస బాక్సు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆ తల్లి చచ్చిపోతది, అత్తమ్మా," అంది. "ఒక్కతే. దగ్గర ఎవ్వరు ఉండరు."

శనక్కాయ ఒలుస్తున్న సుగుణ చేతులు ఆగాయి. కోడలి వైపు ఒకసారి చూసింది. పప్పు నోట్లో వేసుకుని, రిమోట్ ఆమె ఒళ్లోకి, బాక్సు మీదికి విసిరింది.

"అట్లయితె ఇంకో దేశంది పెట్టు."