పదిహేడో గడిలో పూలు

జాఖెన్ రిటైరయ్యాక పదిహేడో గడి నా చేతికొచ్చింది. అది మా ఆల్ప్స్ పార్కులో, శిఖరం కింద, నాలుగు మేకుల మధ్య ఉన్న చదరపు మీటరు నేల. అందులోని పూలమొక్కల్ని ఏటా ఆగస్టులో లెక్కపెట్టి రాయడం డెబ్బై ఏళ్లుగా సాగుతోంది.

నాలుగు గంటలు ఎక్కి వెళ్తే మేకులూ లేవు, నేలా లేదు. గదంత బండ కూర్చుని ఉంది. అది దొర్లిపడి తొమ్మిదేళ్లయిందన్నాడు పార్కు కాపలాదారు. ఆ తొమ్మిదేళ్లూ రిజిస్టరులో జాఖెన్ చేతిరాత ఉంది. మొక్కలు పద్నాలుగు, పదిహేను, పదహారు...

దిగి నేరుగా ఆయనింటికి వెళ్లాను. బార్లీ సూపు జుర్రుకుంటున్నాడు.

"సిగ్గులేదా మీకు? బండ కింద పూలెలా పూశాయి?"

"మోకాళ్లు, అమ్మాయ్. ఎక్కలేకపోయా."

"ఎక్కలేదని రాయొచ్చుగా!"

"రాస్తే డెబ్బై ఏళ్ల వరస తెగిపోదూ?" నవ్వుతూ చెంచా నాకాడు. "ఒక్క మొక్కనైనా చంపానా? ఏటా ఒకటి పెంచా."

"ఛీ! తొమ్మిదేళ్లు అబద్ధాలు రాసి, పైగా నవ్వుతారా?"

"ఆ పెరిగిన పూల మీదేగా నీ డాక్టరేటు? అప్పుడైనా ఒక్కసారి పైకెక్కి చూశావా?"