కుట్టుమిషను పెడలూ, కాలేజీ కంప్యూటరూ

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబు తాళాలు ఇరవై రెండేళ్లుగా నా నడుముకే వేలాడుతున్నాయి. పిల్లలు నన్ను తాళాల మేడమ్ అంటారట. నా వెనకాలే లెండి, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటారు. ఆయన చెప్పేవాటిలో నిజమయ్యేది అదొక్కటే.

నా గదిలో రెండు బీరువాలున్నాయి. ఒకటి స్టాకుది. అందులోంచి చిన్న స్క్రూ కావాలన్నా హెడ్డుగారి సంతకం ఉండాలి. రెండోది స్క్రాపుది. పనిచేయవని రాసేసినవన్నీ అందులో పడేస్తాం. కంప్యూటరు కొనుక్కునే స్తోమత లేని పిల్లలకు వాటిని ఇవ్వొచ్చని రూలు. ఎవరు రాశారో గానీ వాళ్ల కడుపు చల్లగుండ.

ఆ రెండో బీరువా మీద ఓ రెండో సంవత్సరం అమ్మాయి కన్ను పడింది. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. పిల్ల చదువు స్కాలర్‌షిప్పు మీద నడుస్తోంది. అది నిలవాలంటే ఏడాది చివర ప్రాజెక్టు చేసి చూపించాలి. క్లాసులేమో నాలుగింటి దాకా ఉంటాయి, ల్యాబేమో నాలుగున్నరకి మూసేస్తాను. అరగంటలో ఏం తెములుతుంది? అందుకని రోజుకో ముక్క పట్టుకెళ్లి ఇంట్లో తనే ఓ కంప్యూటరు కట్టుకుంది. ఒకదాంట్లోంచి బోర్డు పీకింది, ఇంకోదాంట్లోంచి ఫ్యాను పీకింది. చివరికి ఆన్ చేసే స్విచ్చు దగ్గర ఆగింది. స్క్రాపులో ఉన్న స్విచ్చులన్నీ విరిగినవే.

"మేడమ్, స్టాకులో మంచిదొకటి ఉంది కదా," అంది.

"హెడ్డుగారి సంతకం ఏదీ?"

"ఆయన నెలాఖరు దాకా సెలవంట మేడమ్."

"అయితే నెలాఖరుకే రా."

వెళ్లిపోయింది. రూలు నేను పెట్టానా ఏమిటి అనుకుని బీరువాకి తాళం వేశాను.

ప్రాజెక్టుకి ఇంకా మూడు వారాలుందనగా తనిఖీ ఆయన ఊడిపడ్డాడు. స్క్రాపు కింద ఇచ్చినవన్నీ, వాటికి తగిలించిన సరంజామాతో సహా తెచ్చి చూపించాలన్నాడు. పనిచేసేది దొరికితే తిరిగి స్టాకులో రాసేస్తారు. స్టాకులో పడ్డది మళ్లీ బయటికి రావాలంటే ఏడాది పడుతుంది. ఆ అమ్మాయి కంప్యూటరుని పాత దుప్పట్లో చుట్టి, భుజాన ఓ సంచితో సహా మోసుకొచ్చింది.

"అడిగితే తప్ప నోరు విప్పకు," అని చెవిలో చెప్పాను.

ఆయన డబ్బా మీదున్న మీట నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి నొక్కి, పెన్ను తీశాడు. హమ్మయ్య అనుకున్నాను. రాసేసి ఊరుకోవచ్చు కదా ఆ మనిషి.

"ఈ పనికిమాలిన డొక్కు నీకెందుకమ్మా?" అన్నాడు.

పిల్ల ముఖం ఎర్రబడింది. నేను కళ్లతో వద్దు వద్దంటూనే ఉన్నాను.

"డొక్కు కాదు సార్. పనిచేస్తుంది."

సంచిలోంచి మోటారు కుట్టుమిషను పెడలు తీసి కింద పెట్టింది. దాని వైర్లు రెండూ డబ్బాకి తగిలించి కాలితో నొక్కింది. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. తెర మీద జాకెట్టు ముక్కలు గుడ్డ మీద వాటంతటవే జరుగుతూ సర్దుకుంటున్నాయి. గుడ్డ వృథా కాకుండా ఎలా కత్తిరించాలో అది చూపిస్తుందట. అదే ప్రాజెక్టు, ఇంకా సగమే అయిందట. ఆయన కూడా వంగి మరీ చూశాడు, చేతుల ముక్క అటు తిప్పితే ఏమవుతుందని అడిగాడు. పిల్ల సంబరంగా చెప్పింది. అంతా విని, 'పనిచేయుచున్నది, స్టాకునకు' అని రాశాడు.

అప్పుడు గానీ పిల్లకి విషయం వెలగలేదు. "సార్, ఇంకా మూడు వారాలే ఉంది," అంది.

"రూలు నేను పెట్టానా అమ్మా?" అన్నాడు.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. వాడి మీదా, నోరు జారిన దీని మీదా ఒళ్లు మండిపోయింది.

"ఆ పెడలెక్కడిది?" అని కసిరాను.

"మా అమ్మ మిషనుది మేడమ్. ప్రాజెక్టు అయ్యేదాకా వాడుకోమంది. చేత్తో చక్రం తిప్పుకుంటూ కుడుతోంది."

నా బీరువాలో ఉన్న స్విచ్చు గుర్తొచ్చింది. సిగ్గేసింది.

"సార్," అన్నాను, "ఈ పెడలు మన స్టాకు పుస్తకంలో ఉందా?"

"లేదు."

"పరాయి సొత్తు మనం ఉంచుకోవచ్చా?"

"ఎలా ఉంచుకుంటాం?"

"అమ్మాయ్, కంప్యూటరు ఆపి నీ పెడలు నువ్వు తీసుకో." తీసుకుంది. "ఇప్పుడు నొక్కండి సార్."

నొక్కాడు. మూడుసార్లు నొక్కాడు.

"పనిచేయనిదాన్ని పనిచేస్తుందని రాస్తే రేపు పైవాళ్లు మిమ్మల్ని అడగరూ?"

ఆయన నన్నూ, సంచినీ మార్చి మార్చి చూశాడు. రాసింది కొట్టేసి, 'పనిచేయుట లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

"ఎన్నేళ్ల సర్వీసండీ మీది?"

"ఇరవై రెండు."

"తెలుస్తోంది," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్తూనే స్క్రూడ్రైవరు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఏం చేస్తున్నావే?" అన్నారు మా ఆయన.

"కాలింగ్ బెల్లు స్విచ్చు విప్పుతున్నాను."

"అది బాగానే పనిచేస్తోందిగా."

"అందుకే."

మర్నాడు దాన్ని ఆ పిల్ల చేతిలో పెట్టాను. "దీనికి సంతకం అక్కర్లేదు. పెడలు ఇవాళే మీ అమ్మకిచ్చెయ్," అన్నాను. ఎక్కడిదని అడగబోతే కసిరి పంపించేశాను.

నెల తిరక్కుండానే ఓ ఆదివారం పొద్దున ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఆ అమ్మాయి, పక్కన వాళ్లమ్మ. ప్రాజెక్టు నెగ్గింది, స్కాలర్‌షిప్పు నిలబడింది, ఆ మాట చెప్పడానికొచ్చారు.

"బెల్లు కోసం వెతికానమ్మా, కనబడలేదు," అంది వాళ్లమ్మ.

పిల్ల గుమ్మం పక్కకి చూసింది. అక్కడ గోడకి చిన్న కన్నం, అందులోంచి టేపు చుట్టిన వైర్లు రెండు బయటికి వేలాడుతున్నాయి. వాటినే చూస్తూ ఉండిపోయింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"మేడమ్..." అంది.

"కాళ్లు తుడుచుకుని లోపలికి రండి," అన్నాను.